మంచి ప్లేయర్‌ని ఎందుకు వదిలేస్తారు?

2024 నవంబర్‌లో జెడ్డాలో ఐపీఎల్ మెగా ఆక్షన్ జరిగినప్పుడు నేను ఫస్టియర్. హాస్టల్ రూమ్‌లో ఆరుగురం ఒకే లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. భువనేశ్వర్ కుమార్ పేరు వచ్చింది. చివరికి 10.75 కోట్లకి ఆర్‌సీబీ తీసుకుంది. రూమ్‌లో ఒక్కడు కూడా మాట్లాడలేదు. 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు ఆరెంజ్ జెర్సీలో ఆడిన మనిషి. 2016లో మనం కప్పు గెలిచినప్పుడు పర్పుల్ క్యాప్ ఆయనదే. 2017లో కూడా ఆయనదే. అంతెందుకు, అదే 2024 మే 2న ఉప్పల్‌లో రాజస్థాన్‌కి చివరి బంతికి 2 రన్స్ కావాల్సి ఉంటే, పావెల్‌ని ఎల్‌బీడబ్ల్యూ చేసి ఒక్క రన్‌తో మ్యాచ్ గెలిపించింది ఎవరు? భువీనే.

అలాంటోడిని వదిలేశారు. మరుసటి ఏడాది, 2025 జూన్ 3న, ఆర్‌సీబీ మొదటిసారి కప్పు గెలిచింది. ఆ టీమ్‌లో భువీ ఉన్నాడు. మనం ఆరో స్థానంలో ఆగిపోయాం. ఆ రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

డల్లాస్‌లో మా బావ ఒకాయన ఉంటాడు. ఫోన్‌లో నా ఏడుపంతా విని నవ్వాడు. "ఒరేయ్, ఇక్కడ బేస్‌బాల్‌లో ఇది ప్రతి జూలైలో జరుగుతది. దీన్ని రీబిల్డ్ అంటరు. ముందు అది ఏందో తెలుసుకో, తర్వాత తిట్టు" అన్నాడు. సరే అని చదవడం మొదలుపెట్టాను. సరిగ్గా అదే టైంలో నల్లగొండ దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో, ఇంకో గొడవ నడుస్తోంది. అది బత్తాయి తోట గొడవ. చదువుతూ పోతే రెండూ ఒకటే గొడవ అని అర్థమైంది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు బేస్‌బాల్.

రీబిల్డ్ అంటే ఏంటి?

పాత ఇల్లు కొంచెం కొంచెం రిపేర్ చేస్తూ ఉండొచ్చు. లేదంటే ఒకేసారి పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. రెండోదే రీబిల్డ్. టీమ్ ఎలాగూ ఈ ఏడాది, వచ్చే ఏడాది కప్పు కొట్టేలా లేదు. కానీ టీమ్‌లో ముగ్గురు నలుగురు మంచి సీనియర్లు ఉన్నారు. కప్పుకి దగ్గర్లో ఉన్న వేరే టీమ్‌కి వాళ్ళు ఇప్పుడే, ఈ నెలే కావాలి. అప్పుడు బేరం కుదురుతుంది. మా సీనియర్‌ని తీసుకో, నీ దగ్గరున్న కుర్రాళ్ళని ఇవ్వు అని. ఒకరికి ఈ రోజు కావాలి, ఇంకొకరికి రేపు కావాలి. ఈ తేడా మీదే మొత్తం వ్యాపారం నడుస్తుంది.

ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. షికాగో కబ్స్ అనే టీమ్ 1908 తర్వాత వరల్డ్ సిరీస్ గెలవలేదు. 2011 చివర్లో థియో ఎప్‌స్టీన్ అనే ఆయన ఆ టీమ్ బాధ్యత తీసుకున్నాడు. 2012లో ఆ టీమ్ 162 మ్యాచుల్లో 101 ఓడిపోయింది. ఆ టీమ్‌లో రయన్ డెంప్‌స్టర్ అనే బౌలర్ లాంటి వాడు, అంటే పిచర్, ఉన్నాడు. వయసు 35. 2004 నుంచి అక్కడే ఉన్నాడు. ఆ ఏడాది చాలా బాగా వేస్తున్నాడు. కానీ సీజన్ అయిపోగానే అతని కాంట్రాక్ట్ కూడా అయిపోతుంది. ఉంచుకుంటే ఇంకో రెండు నెలలు ఓడిపోయే టీమ్‌కి ఆడతాడు, తర్వాత ఊరికే వెళ్ళిపోతాడు. అందుకని 2012 జూలై 31న, ట్రేడ్‌లకి చివరి రోజున, అతన్ని టెక్సస్ రేంజర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు కైల్ హెండ్రిక్స్. వయసు 22. అప్పటికి మెయిన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పెద్దగా ఎవరూ పట్టించుకోని పేరు.

నాలుగేండ్లు గడిచాయి. 2016లో రెండు లీగుల్లోనూ కలిపి అందరికంటే తక్కువ రన్స్ సగటు ఇచ్చిన పిచర్ హెండ్రిక్స్. ఆ నవంబర్ 2న వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, అంటే ఫైనల్లో ఫైనల్ అనుకోండి, కబ్స్ తరఫున మొదటి బంతి వేసింది అతనే. కబ్స్ గెలిచింది. 108 ఏండ్ల ఎదురుచూపు తీరింది. మా బావ రేంజర్స్ ఫ్యాన్. "మేం రెండు నెలల కోసం వాణ్ణి ఇచ్చుకున్నం" అని ఇప్పటికీ అంటాడు.

ఇందులో నాకు నచ్చిన ఇంకో విషయం ఉంది. డెంప్‌స్టర్‌ని అంతకుముందు అట్లాంటాకి పంపాలని చూశారు. అతను ఒప్పుకోలేదు. అక్కడ ఒక రూల్ ఉంది. మెయిన్ లీగ్‌లో పదేండ్లు ఆడి, అందులో చివరి అయిదేండ్లు ఒకే టీమ్‌లో ఉన్న ప్లేయర్‌ని అతని ఇష్టం లేకుండా ట్రేడ్ చేయడానికి లేదు. మిగతా వాళ్ళకి, కాంట్రాక్ట్‌లో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు లేదు. పొద్దున ఒక ఊళ్ళో నిద్రలేచి, సాయంత్రానికి ఇంకో ఊరి ప్లేయర్ అయిపోతారు. పెళ్ళాం పిల్లలు, స్కూళ్ళు, ఇల్లు, అన్నీ తర్వాత చూసుకోవాలి. మనం స్క్రీన్ మీద లెక్కలేసేటప్పుడు ఈ సంగతి గుర్తుండదు.

రెండు గుట్టల లెక్క

మన సీఎస్‌ఈ వాళ్ళకి ఇది ఇంకోలా చెప్తే తొందరగా ఎక్కుతుంది. ఏఐ సబ్జెక్ట్‌లో హిల్ క్లైంబింగ్ గుర్తుందా? ప్రతి అడుగూ పైకే వేయాలి, కిందికి దిగకూడదు అని రూల్ పెట్టుకుంటే, దగ్గర్లో ఉన్న చిన్న గుట్ట ఎక్కి అక్కడే ఆగిపోతాం. దాన్నే లోకల్ మ్యాక్సిమమ్ అంటారు.

నల్లగొండ టౌన్ చూసినవాళ్ళకి బొమ్మ కూడా అక్కర్లేదు. ఊరికి అటు కాపురాల గుట్ట, ఇటు లతీఫ్ సాహెబ్ గుట్ట. మీరు ఒక గుట్ట మీద ఉన్నారనుకోండి. పక్క గుట్ట మీదికి పోవాలంటే ముందు కిందికి దిగాలి. బజార్లో నడవాలి. దుమ్ము తినాలి. అప్పుడు మళ్ళీ ఎక్కాలి. ఆ మధ్యలో మిమ్మల్ని చూసినవాళ్ళు "పైన ఉన్నోడు కింద పడ్డడు" అనే అంటారు.

నాలుగో స్థానం, అయిదో స్థానం, నాలుగో స్థానం అని ఏటా తిరిగే టీమ్ చిన్న గుట్ట మీద ఉన్నట్టు. సీనియర్లని ఉంచుకుంటే అక్కడే ఉంటుంది, వాళ్ళకి వయసైపోయాక మెల్లగా జారుతుంది. రీబిల్డ్ చేసే టీమ్ కావాలని కిందికి దిగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కిందికి దిగడం చేతుల్లో పని. మళ్ళీ ఎక్కడం గ్యారంటీ కాదు. పక్క గుట్ట నిజంగా ఎత్తుగా ఉందో లేదో పొగమంచులో కనపడదు.

మన దగ్గరి ట్రేడ్: ధావన్ పోయాడు, అభిషేక్ వచ్చాడు

ఐపీఎల్‌లో ఎక్కువగా రిలీజ్ చేస్తారు, ఆక్షన్‌లో కొంటారు. మనిషికి మనిషిని మార్చుకునే ట్రేడ్‌లు తక్కువ. కానీ మన టీమ్ చేసిన ఒక ట్రేడ్ అచ్చం డెంప్‌స్టర్–హెండ్రిక్స్ లాంటిది.

శిఖర్ ధావన్ 2013లో సన్‌రైజర్స్ పుట్టినప్పటి నుంచి మన ఓపెనర్. 2018 ఆక్షన్‌లో 5.2 కోట్లకి రైట్ టు మ్యాచ్ కార్డ్ వాడి వెనక్కి తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో 497 రన్స్ కొట్టాడు, టీమ్ ఫైనల్ దాకా పోయింది. ఆ సీజన్ తర్వాత అతన్ని ఢిల్లీకి ఇచ్చేశారు. అప్పటికి అతనికి 33 దగ్గరపడ్డాయి. బదులుగా ముగ్గురు వచ్చారు: విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. శంకర్, నదీమ్ ఒక్కొక్కరి ధర 3.2 కోట్లు. అభిషేక్ ధర 55 లక్షలు. వయసు 18. ముగ్గురిలో చివరి పేరు అతనిదే. అప్పుడు అందరూ మాట్లాడింది విజయ్ శంకర్ గురించే.

తర్వాత ఏమైంది? ఢిల్లీకి ధావన్ 2019లో 521, 2020లో 618 రన్స్ కొట్టాడు. 2018లో అట్టడుగున ఉన్న ఆ టీమ్ 2020లో ఫైనల్ ఆడింది. అంటే ట్రేడ్ అయిన మొదటి రెండేండ్లు చూస్తే మనం ఘోరంగా మోసపోయినట్టే లెక్క. నేను అప్పుడు స్కూల్‌లో ఉన్నాను, నేనూ అదే అన్నాను.

ఇటు అభిషేక్‌కి మొదటి మూడు సీజన్లలో మ్యాచులే ఎక్కువ దొరకలేదు. 2022లో ఓపెనర్‌గా పంపితే 426 కొట్టాడు. 2023లో మళ్ళీ 226కి పడిపోయాడు. 2024లో 484 రన్స్, వంద బంతులకి రెండొందలకి పైన స్ట్రైక్ రేట్. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141. అప్పటికి ఐపీఎల్‌లో ఒక ఇండియన్ కొట్టిన అత్యధిక స్కోర్ అది. 246 ఛేజ్ చేసి గెలిచాం. ఆ రాత్రి మా హాస్టల్‌లో గిన్నెలు, బకెట్లు మోగాయి.

ట్రేడ్ జరిగింది 2018లో. ఫలితం పూర్తిగా కనిపించింది 2024లో. మధ్యలో ఆరేండ్లు. ఈ ట్రేడ్‌లో ఎవరు గెలిచారు అంటే, నా సమాధానం ఇద్దరూ. ఢిల్లీకి ఆ రోజు ధావన్ కావాలి, దొరికాడు. మనకి దొరికింది ఆలస్యంగా మొలిచే విత్తనం. కానీ ఒకటి గమనించండి. బేస్‌బాల్‌లో ఓడిపోయే టీమ్ సీనియర్‌ని ఇస్తుంది, గెలిచే టీమ్ కుర్రాణ్ణి ఇస్తుంది. ఇక్కడ ఉల్టా జరిగింది. ఫైనల్ ఆడిన మనం సీనియర్‌ని ఇచ్చాం, చివర్న ఉన్న ఢిల్లీ కుర్రాళ్ళని ఇచ్చింది. ఎందుకిలా? రూల్స్ వేరు కాబట్టి.

ఐపీఎల్‌లో రీబిల్డ్ ఎందుకు కష్టం?

మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, డ్రాఫ్ట్ లేదు. అమెరికాలో కాలేజ్, హైస్కూల్ ప్లేయర్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అందరికంటే ఎక్కువ ఓడిన టీమ్‌కి మొదటి ఛాన్స్ ఉండేది. అందుకే కొన్ని టీమ్‌లు ఓడిపోవడాన్నే ప్లాన్‌గా పెట్టుకున్నాయి. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 మ్యాచులు ఓడింది. 2017లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ ఏడాది కెమెరాతో అవతలి టీమ్ సైగలు దొంగిలించారని తర్వాత బయటపడింది, అది వేరే కథ. ఇట్లా కావాలని ఓడిపోయేవాళ్ళు ఎక్కువవుతున్నారని 2023 నుంచి మొదటి ఆరు ఛాన్సులకి లాటరీ పెట్టారు. ఐపీఎల్‌లో చివరి స్థానానికి ఏ బహుమతీ లేదు. గెలిచినోడికీ ఓడినోడికీ ఆక్షన్ పర్స్ లిమిట్ ఒకటే. ఓడితే మిగిలేది పరువు నష్టమే.

రెండోది, టైం లేదు. బేస్‌బాల్‌లో ఒక కుర్రాడు మెయిన్ లీగ్‌కి వచ్చాక దాదాపు ఆరు సీజన్లు ఆ టీమ్ చేతిలోనే ఉంటాడు. కింద చిన్న లీగుల్లో పెంచిన ఏండ్లు వేరే. ఐపీఎల్‌లో మూడు నాలుగేండ్లకోసారి మెగా ఆక్షన్ వస్తుంది. నువ్వు నీళ్ళు పోసి పెంచిన మొక్క కాపుకొచ్చే టైంకి వేలంలోకి పోతుంది. అభిషేక్‌నే చూడండి. 55 లక్షల కుర్రాణ్ణి 2022 ఆక్షన్‌లో 6.5 కోట్లు పెట్టి మళ్ళీ కొనుక్కోవాల్సి వచ్చింది. 2025కి ముందు ఉంచుకోవడానికి 14 కోట్లు.

మన సిరాజ్ కథ ఇంకా నేర్పిస్తుంది. హైదరాబాద్ పిల్లాడు. 2017లో మన టీమే 2.6 కోట్లకి కొన్నది. 2018లో వదులుకుంది. ఆర్‌సీబీ తీసుకుని ఏడు సీజన్లు ఆడించింది. సొంత ఊరి మొక్క వేరేవాళ్ళ దొడ్లో చెట్టయింది.

మూడోది, మన ఓపిక. ఏడాదికి 14 లీగ్ మ్యాచులు. నాలుగు ఓడితే మీమ్స్ మొదలు. మూడేండ్లు ఓడతాం, తర్వాత చూడండి అని ఏ ఓనర్ చెప్పగలడు? చెప్తే మనం ఊరుకుంటామా?

వార్నర్ నుంచి కమిన్స్ దాకా

అయినా మన టీమ్ ఒక రీబిల్డ్ చేసింది. చేసిందనే కంటే, దాంట్లో పడింది అనొచ్చు.

డేవిడ్ వార్నర్ 2014లో వచ్చాడు. 2015, 2017, 2019లో మూడు ఆరెంజ్ క్యాప్‌లు. 2016లో 848 రన్స్, కెప్టెన్‌గా కప్పు. ఫైనల్లో ఆర్‌సీబీ మీద 8 రన్స్ తేడాతో గెలిచిన రాత్రి నాకు పదేండ్లు. మా గల్లీలో సగం మంది పిల్లలు బ్యాట్‌ని కత్తిలాగా తిప్పేవాళ్ళు. తెలుగు పాటలకి స్టెప్పులేసిన ఆస్ట్రేలియా వాడు మాకు ఇంటి మనిషే. 2021 మే 1న అతన్ని కెప్టెన్సీ నుంచి తీసేశారు. తర్వాత టీమ్ నుంచి కూడా తీసేశారు. ఆ సీజన్‌లో 14కి 3 మ్యాచులే గెలిచి చివర్న నిలిచాం. అదే ఏడాది నవంబర్‌లో వార్నర్ టీ20 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాడు.

2022కి ముందు మనం ఉంచుకున్నది ముగ్గురిని: విలియమ్సన్‌ని 14 కోట్లకి, అబ్దుల్ సమద్‌ని, ఉమ్రాన్ మలిక్‌ని చెరి 4 కోట్లకి. వార్నర్ లేడు, రషీద్ ఖాన్ లేడు. కాగితం మీద ఇది చక్కటి రీబిల్డ్. పాత పేర్లు పోయి ఇద్దరు కుర్రాళ్ళు. కానీ రషీద్ వెళ్ళిన గుజరాత్ మొదటి ఏడాదే కప్పు గెలిచింది. మనం 2022లో ఎనిమిదో స్థానం. తర్వాత విలియమ్సన్‌ని కూడా వదిలేశారు. 2023లో 13.25 కోట్లు పెట్టి హ్యారీ బ్రూక్‌ని తెచ్చారు, పదో స్థానం వచ్చింది. అదే చివరి స్థానం. మూడేండ్లు బజార్లో దుమ్ము తిన్నాం.

2024లో ఎక్కాం. ఎలా? 20.5 కోట్లతో కమిన్స్ కెప్టెన్‌గా వచ్చాడు, 6.8 కోట్లకి ట్రావిస్ హెడ్ దొరికాడు, ముందే ఉన్న క్లాసెన్ ఊపులో ఉన్నాడు, ఆరేండ్ల కిందట ధావన్‌కి బదులు వచ్చిన పిల్లాడు మొక్క నుంచి చెట్టయ్యాడు, వైజాగ్ కుర్రాడు నితీశ్ రెడ్డి నిలబడ్డాడు. మార్చి 27న ముంబై మీద 277, ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287. ఫైనల్లో మాత్రం 113కి ఆలౌట్ అయ్యాం. గుట్ట దాదాపు ఎక్కి చివరి బండ మీద కాలు జారింది.

ఇందులో నాకు అర్థమైంది ఒకటుంది. సీనియర్లని తీసేయడం వల్ల టీమ్ బాగుపడలేదు. తీసేశాక ఖాళీ అయిన చోట ఏం నాటారు అన్నదే తేల్చింది. 2022లో నాటినవి సగం బతకలేదు. 2024లో నాటినవి బతికాయి. ఇంకోటి, ఆ 2024 టీమ్‌లో భువీ కూడా ఉన్నాడు. కొత్త మొక్కల మధ్య ఒక పాత చెట్టు.

మరి ఆ భువీని వదిలేసి ఎవరిని కొన్నారు? 10 కోట్లు పెట్టి షమీని. ఇద్దరికీ అప్పుడు 34 ఏండ్లే. పాత చెట్టు కొట్టేసి, ఇంకో తోట నుంచి అదే వయసు చెట్టు పీక్కొచ్చి నాటినట్టు. అది రీబిల్డ్ కాదు, ఏమీ కాదు. ఒక్క సీజన్ తర్వాత షమీని కూడా లక్నోకి ట్రేడ్ చేశారు. కాబట్టి బావా, అంతా చదివాక కూడా నా కోపం కరెక్టే.

అంతా కొట్టేస్తే?

హైదరాబాద్ చరిత్రలోనే ఇంకో పాఠం ఉంది. 2008లో డెక్కన్ ఛార్జర్స్ చివరి స్థానం. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే టీమ్ ఛాంపియన్. సంవత్సరంలో అట్టడుగు నుంచి పైకి. 2011 మెగా ఆక్షన్‌కి ముందు ఛార్జర్స్ ఒక్కరిని కూడా ఉంచుకోలేదు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి, లక్ష్మణ్ కొచ్చికి పోయారు. వాళ్ళు సీనియర్లు, సరే. కానీ 23 ఏండ్ల రోహిత్ శర్మ కూడా పోయాడు. 20 లక్షల డాలర్లకి ముంబై కొన్నది. అతని కెప్టెన్సీలో ముంబై తర్వాత అయిదు కప్పులు గెలిచింది. ఛార్జర్స్ 2012తో మూతపడింది. పాత చెట్లతో పాటు లేత మొక్కని కూడా పీకేస్తే మిగిలేది బీడు.

ఇక మా తోట

నల్లగొండ జిల్లాలో బత్తాయి గురించి చెప్పక్కర్లేదు. మాకు నాలుగెకరాలు, మా తాత పెట్టిన తోట. నీళ్ళు లేని ఏండ్లలో ట్యాంకర్లు కొని పోసి బతికించిన చెట్లు. ఇప్పుడు ముసలివైనయి. కొమ్మలు ఎండుతున్నయి, కాయ సైజు తగ్గింది. నాయిన కొట్టేసి కొత్త మొక్కలు పెడదామన్నాడు. తాత వినలేదు.

"కాపు తగ్గింది గని కాస్తనే ఉన్నది గదా. కొట్టేసి అయిదేండ్లు ఏం తింటరు?" అన్నాడు తాత.

"గిట్లనే ఉంచితె అయిదేండ్లకి అవి గూడ ఉండయి, ఇవి గూడ ఉండయి" అన్నాడు నాయిన.

బత్తాయి మొక్క కాపుకి రావాలంటే నాలుగైదేండ్లు పడుతుంది. నా ఫీజు, చెల్లె ఇంటర్ ఫీజు ఆ అయిదేండ్లలోనే కట్టాలి. ఇది మీమ్స్‌తో పోయే ఓటమి కాదు. ఫోన్‌లో ఇద్దరూ విడివిడిగా నన్నే అడిగేవాళ్ళు, చదువుకున్నోడివి నువ్వు చెప్పు అని. నేను క్రికెట్ లెక్కలు చెప్పలేను కదా. కానీ ఒక్క మాట చెప్పాను. మొత్తం ఒక్కసారి కొట్టొద్దు నాయినా, బాగా కాసే దిక్కు ఉంచి మిగతాది కొట్టు అని. నిజానికి ఆయన మనసులో కూడా అదే ఉందట.

రెండెకరాలు కొట్టేశారు. తాత పదిహేను రోజులు నాయినతో మాట్లాడలేదు. కొట్టిన రోజు తోట దిక్కే పోలేదట. కొత్త మొక్కలు వచ్చాక మాత్రం గుంతలు ఎక్కడ తీయాలో, గాలి ఏ దిక్కు నుంచి కొడుతదో, ఏ మూల నీళ్ళు నిలుస్తయో చెప్పింది తాతే. ఇంకెవరికీ తెలియదు కాబట్టి. మొక్కల మధ్యలో పెసర వేశారు, ఖర్చులకన్నా వస్తాయని.

కబ్స్ కథలో నేను చెప్పని ఒక ముక్క ఉంది. 2016లో ఆ కుర్రాళ్ళ టీమ్‌లోకి 39 ఏండ్ల డేవిడ్ రాస్ అనే క్యాచర్‌ని ఉంచుకున్నారు. ఎక్కువ మ్యాచులు ఆడేవాడు కాదు. కానీ ఏడో మ్యాచ్‌లో హోమ్ రన్ కొట్టాడు. అందుకే నాకు రీబిల్డ్ అంటే ముసలివాళ్ళని పంపేయడం అనిపించదు. ఎవరిని పంపాలి, ఎవరిని ఉంచాలి, ఖాళీ అయిన చోట ఏం పెట్టాలి, ఎన్నాళ్ళు ఆగగలం అనే నాలుగు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పుకోవడం. నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది అబద్ధం చెప్పుకుంటారు.

మొన్న దసరాకి ఇంటికి పోయినప్పుడు తోటకి వెళ్ళాను. మొక్కలు నా నడుము దాకా కూడా రాలేదు. ఉంచిన రెండెకరాల్లోంచి కాయలు ఏరుకుని గట్టు మీద కూర్చున్నాం. తాత ఒక కాయ ఒలిచి ఇచ్చాడు. కొంచెం చిన్నదే, కానీ తియ్యగుంది. "కొత్తయి కాసేటాళ్ళకి నీ చదువైపోతది" అన్నాడు.

లెక్క వేసి చూశాను. కరెక్టే. అప్పటికి అభిషేక్ ఏ టీమ్‌లో ఉంటాడో మాత్రం చెప్పలేను.